రేటింగ్ తగ్గినప్పుడు, పిప్ చేతికి వచ్చినప్పుడు: పెద్ద కంపెనీ ఉద్యోగి దశలవారీగా చేయాల్సిన పనులు

పెద్ద కంపెనీలో ఉద్యోగి రేటింగ్ అతను లేని గదిలో తేలుతుంది. మేనేజర్లు, డెలివరీ హెడ్‌లు, హెచ్‌ఆర్ ప్రతినిధులు ఒక స్ప్రెడ్‌షీట్ ముందు పెట్టుకుని ఎవరిని పైకి జరపాలో, ఎవరిని కిందకు దించాలో మాట్లాడుకునే ఆ సమావేశంలో మీ తరఫున నిలబడేవి మేనేజర్‌కు గుర్తున్న నాలుగు మాటలు, రికార్డులో ఉన్న నాలుగు వాక్యాలు మాత్రమే. అందువల్ల అన్యాయమైన రేటింగ్‌నైనా, దాని వెనకే వచ్చే పిప్‌నైనా, అంటే పనితీరు మెరుగుదల ప్రణాళికనైనా ఎదుర్కోవడం ప్రధానంగా రాతకోతల పని. ఆవేశంగా వాదించి గెలిచినవారు తక్కువ. తేదీలతో సహా కాగితం చూపించినవారు పూర్తిగా గెలవకపోయినా, మర్యాదగా, రావలసిన డబ్బుతో బయటపడిన సందర్భాలు ఎక్కువ. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల ఐటీ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. అమెరికాలో ఉన్న తెలుగువారికి పరిస్థితి వేరు కాబట్టి వారి కోసం చివర్లో కొంత విడిగా చెబుతాను.

మొదటి దశ: ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోండి

ఉద్యోగులను వరుసలో నిలబెట్టి అడుగువారిని పంపించే పద్ధతికి పేరు తెచ్చిన కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్. 1981 నుంచి 2001 వరకు దాని అధిపతిగా ఉన్న జాక్ వెల్చ్ సిబ్బందిని పై 20 శాతం, మధ్య 70 శాతం, కింది 10 శాతంగా విడగొట్టారు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతినే చాలా ఏళ్లు నడిపి, సొంత ఉద్యోగులే ఒకరికొకరు సహాయం చేసుకోవడం మానేస్తున్నారన్న విమర్శల మధ్య 2013 నవంబరులో వదిలేసింది. మన ఐటీ కంపెనీల్లో దీన్నే బెల్ కర్వ్ అంటారు. కొన్ని కంపెనీలు బెల్ కర్వ్ తీసేశామని ప్రకటించాయి కానీ, హైక్‌లకు, బోనస్‌లకు కేటాయించే మొత్తం ముందే ఖరారై ఉన్నప్పుడు ఎవరికో ఒకరికి తగ్గించక తప్పదు కాబట్టి అదే కర్వ్ దొడ్డిదారిన తిరిగి వస్తుంది.

ఇందులో ఉన్న అన్యాయం మనుషుల చెడ్డతనం కంటే ముందు గణితంలోనే ఉంది. ఒక కంపెనీ మొత్తంలో 10 శాతం మంది పనితీరు నిజంగానే బాగా లేదనుకుందాం. అందులోంచి యాదృచ్ఛికంగా 10 మందితో ఒక జట్టు కూర్చితే, ఆ జట్టులో అలాంటివారు ఒక్కరు కూడా లేకుండా ఉండే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది. అది దాదాపు 35 శాతం. అంటే ప్రతి మూడు జట్లలో ఒకదానిలో అడుగు రేటింగ్‌కు తగినవారు అసలు ఉండరు. అయినా ప్రతి జట్టు నుంచీ ఒకరి పేరు ఇవ్వాల్సిందేనంటే, మేనేజర్ ఎవరినో ఒకరిని వెతకాలి. మరో జట్టులో అలాంటివారు ముగ్గురున్నా ఇద్దరు తప్పించుకుంటారు. వేల మంది మీద సరిపోయే లెక్కను పదిమంది మీద రుద్దడమే అసలు లోపం. మీ కంపెనీ పాలసీలో ఈ శాతాలను కనీసం ఎంతమంది ఉన్న బృందానికి వర్తింపజేయాలో రాసి ఉంటుందేమో తప్పక చూడండి. అప్పీల్‌లో పనికొచ్చే మొదటి అంశం అదే.

మేనేజర్ ఎవరినో ఒకరిని వెతకాల్సి వచ్చినప్పుడు ఎవరి పేరు దొరుకుతుంది? సంవత్సరం మధ్యలో జట్టు మారినవారు, కొత్త మేనేజర్ కిందకు వచ్చినవారు, ప్రసూతి సెలవు నుంచో దీర్ఘకాలిక అనారోగ్యం నుంచో తిరిగొచ్చినవారు, బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా, ఎక్కువ రోజులున్నవారు, గత ఏడాది ప్రమోషన్ పొంది ఈ ఏడాది ఆ స్థాయిలో అందరికన్నా కొత్తవారు, జీతం ఎక్కువై క్లయింటుకు బిల్లు చేయడం కష్టమైనవారు. 2025 జూన్‌లో టీసీఎస్ అమలులోకి తెచ్చిన విధానం ప్రకారం ఏడాదిలో 225 రోజులు బిల్లబుల్‌గా, అంటే క్లయింటుకు బిల్లు వేయగలిగే పనిలో, ఉండాలి, బెంచ్ 35 రోజులు మించకూడదు. ప్రాజెక్టు దొరకడం ఉద్యోగి ఒక్కడి చేతిలో లేని పని అని తెలిసి కూడా దాన్ని అతని పనితీరు కిందే లెక్కించడం ఎంత సమంజసమో పాఠకులే ఆలోచించుకోవచ్చు. 2025 జనవరిలో మెటా అధిపతి మార్క్ జుకర్‌బర్గ్ పనితీరు తక్కువగా ఉన్న సుమారు 5 శాతం మందిని తొలగిస్తామని ప్రకటించాక, ఉద్యోగం పోయినవారిలో కొందరు తమకు అంతకుముందు మంచి రేటింగ్‌లే ఉన్నాయని, సెలవులో ఉండగా తొలగించారని బహిరంగంగానే చెప్పుకున్నారు.

పైన చెప్పిన వర్గాల్లో మీరు ఉంటే, మిగతావారి కంటే ముందుగానే జాగ్రత్త పడాలి. అంతే తప్ప కంగారు పడనవసరం లేదు.

రెండో దశ: అప్రైజల్ రాకముందే రికార్డు కట్టండి

వారానికి పది నిమిషాలు కేటాయించి, ఆ వారం చేసిన పనిని మూడు నాలుగు వాక్యాల్లో రాసుకోండి. చేసిన పని, అది ఎవరికి పనికొచ్చింది, దానివల్ల ఏం మారింది, ఎవరు మెచ్చుకున్నారు, ఎక్కడ ఆటంకం వచ్చింది, ఆ ఆటంకం గురించి మీరు ఎవరికి ఏ రోజు చెప్పారు, ఇవన్నీ అందులో ఉండాలి. చివరిది చాలామంది వదిలేస్తారు. ఆలస్యానికి కారణం క్లయింటు అనుమతి రాకపోవడమని మీకు గుర్తుంటుంది. ఎనిమిది నెలల తర్వాత రికార్డులో ఆలస్యం మాత్రమే మిగులుతుంది.

ఏడాది మొదట్లో సిస్టమ్‌లో పెట్టే లక్ష్యాలను మొక్కుబడిగా నింపకండి. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఆ లక్ష్యాలను మార్చమని మేనేజర్‌ను మెయిల్‌లో అడగండి. మార్చకపోతే, అడిగినట్లు ఆ మెయిల్ మిగులుతుంది. పాత ప్రాజెక్టు మేనేజర్ నుంచి మీరు ఆ జట్టును వదిలే వారంలోనే అభిప్రాయం రాయించుకోండి. తర్వాత అడిగితే ఆయన కంపెనీలో ఉంటారో లేదో చెప్పలేం. నెలకోసారి మేనేజర్‌తో జరిగే ఒన్ ఆన్ ఒన్ సమావేశం ముగియగానే, ఈ రోజు మనం అనుకున్నవి ఇవీ, నేను సరిచేసుకోవాల్సినవిగా మీరు చెప్పినవి ఇవీ అంటూ చిన్న మెయిల్ పంపండి. ఏడాది మొత్తంలో ఒక్క లోపం కూడా ఎత్తిచూపని మేనేజర్ చివర్లో అడుగు రేటింగ్ ఇస్తే, ఆ మెయిళ్ల వరుసే మీ వాదన అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రికార్డు కట్టడమంటే కంపెనీ కోడ్‌ను, క్లయింటు పత్రాలను, అంతర్గత మెయిళ్లను మూటగట్టి సొంత జీమెయిల్‌కు పంపుకోవడం కాదు. అలా పంపడం డేటా పాలసీ ఉల్లంఘన అవుతుంది. పనితీరు మీద మిమ్మల్ని పంపలేని కంపెనీకి అదే తేలిక కారణమవుతుంది. మీ సొంత మాటల్లో, క్లయింటు పేరు లేకుండా, తేదీలతో రాసుకున్న దినచర్య ఇంట్లో ఉంచుకోవచ్చు. మీకు సంబంధించిన అపాయింట్‌మెంట్ లెటర్, జీతపు స్లిప్పులు, గత రేటింగ్ లెటర్లు, ప్రమోషన్ ఉత్తర్వులు మాత్రం ముందుగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ లాక్ అయిన రోజున ఇవేవీ అందవు.

సెల్ఫ్ అప్రైజల్ రాసేటప్పుడు మన వాళ్లలో చాలామందికి రెండు అలవాట్లున్నాయి. కొందరు మొహమాటంతో నాలుగు మాటలు రాసి ఊరుకుంటారు. కొందరు ప్రతి టికెట్‌నూ ఎక్కించి నాలుగు పేజీలు నింపుతారు. రెండూ ఆ గదిలో పనికిరావు. మేనేజర్ చూసి చదవగలిగేలా మూడు వాక్యాలు పైన పెట్టండి, వివరాలు కింద ఇవ్వండి. క్యాలిబ్రేషన్ సమావేశాలకు, అంటే మొదట్లో చెప్పిన ఆ రేటింగ్‌లు తేల్చే సమావేశాలకు, రెండు మూడు వారాల ముందు ఆ మూడు వాక్యాలనే మెయిల్‌లో కూడా పంపండి. మంచి మేనేజర్‌కు అది ఆయుధం. నిజంగా మీకోసం పోరాడదామనుకున్న మేనేజర్లు సమాచారం చేతిలో లేక వెనక్కి తగ్గడం ఈ సమావేశాల్లో మామూలే.

మూడో దశ: తక్కువ రేటింగ్ చెప్పిన రోజు

ఆ సమావేశంలో వాదించవద్దు, ఒప్పుకోవద్దు. అడగాల్సినవి మాత్రం అడగండి. ఏ లక్ష్యంలో నేను తగ్గాను? దానికి ఉదాహరణలు ఏమిటి? ఆ విషయం నాకు ముందు ఎప్పుడు చెప్పారు? మీరు మొదట ప్రతిపాదించిన రేటింగ్, ఇప్పుడు వచ్చిన రేటింగ్ ఒకటేనా? చివరి ప్రశ్నకు చాలామంది మేనేజర్లు సూటిగా జవాబు చెప్పరు కానీ, నేను చేయగలిగింది చేశాను, పైనుంచి వచ్చింది అనే మాట దొర్లుతుంది. ఆ మాట వినగానే మీకు అర్థమయ్యే విషయం ఏమిటంటే, మీ పని మీద ఫిర్యాదు లేదు, కోటా నింపారు. సమావేశం అయిన రోజే, ఆ మాటతో సహా, జరిగిన సంభాషణను మర్యాదగా మెయిల్‌లో ధృవీకరించండి.

సిస్టమ్‌లో అంగీకరిస్తున్నాను, విభేదిస్తున్నాను అనే రెండు మీటలు ఉంటే రెండోది నొక్కండి. అందింది అనే ఒక్క మీటే ఉంటే, కామెంట్ పెట్టెలో అందినట్లు మాత్రమే ధృవీకరిస్తున్నాను, రేటింగ్‌తో ఏకీభవించడం లేదు, కారణాలు విడిగా పంపుతాను అని రాయండి. అంగీకరించకపోతే హైక్ ప్రాసెస్ కాదని ఫోన్లో చెబితే, ఆ మాటను మెయిల్‌లో చెప్పమని అడగండి.

అప్పీల్‌కు గడువు తక్కువగా, చాలాచోట్ల రెండు వారాల లోపే ఉంటుంది. అప్పీల్ ఒక పేజీ దాటకూడదు. నా పక్క సీటు వ్యక్తికి నాకంటే ఎక్కువ ఎందుకిచ్చారు అన్న ధోరణిలో రాసిన అప్పీల్ వీగిపోతుంది. పాలసీలో ఈ నియమం ఉంది, నా విషయంలో అది ఇలా తప్పింది, ఆధారం ఇది అన్న ధోరణిలో రాసినదాన్ని తోసిపుచ్చడానికి హెచ్‌ఆర్‌కు కారణం చూపించాల్సి వస్తుంది. మధ్య ఏడాది సమీక్ష జరగకపోవడం, సెలవు కాలాన్ని లెక్కలోంచి తీసేయకపోవడం, ఎక్కువ కాలం పనిచేయించుకున్న మేనేజర్ అభిప్రాయం తీసుకోకపోవడం, లక్ష్యాలు మార్చకపోవడం వంటి పద్ధతి లోపాలు బలమైనవి. అప్పీల్ వల్ల రేటింగ్ మారే సందర్భాలు తక్కువేనని ముందే మనసులో పెట్టుకోండి. అయినా వేయాలి, ఎందుకంటే తర్వాత జరిగే ప్రతి వివాదంలోనూ అప్పుడెందుకు ఊరుకున్నారు అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

పనితీరు మాటున మరో విషయం ఉంటే దానికి వేరే దారి ఉంది. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసిన మహిళకు, అదే వ్యక్తి రేటింగ్ ఇచ్చే స్థానంలో ఉంటే, 2013 చట్టం కింది నియమాల ప్రకారం విచారణ సమయంలో ఆమె పనితీరుపై అతను నివేదిక రాయకుండా ఆపి, ఆ పనిని మరొకరికి అప్పగించమని అంతర్గత కమిటీని కోరవచ్చు. కమిటీ సిఫార్సు చేస్తే యాజమాన్యం పాటించాలి. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని ఆ గైర్హాజరీ కాలంలో తొలగించడం చెల్లదు, ఈ రక్షణ మునుపు ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది. ఇలాంటి కోణం ఉన్నవారు మామూలు అప్పీల్‌తో కాలం గడపకుండా, ఆ చట్టం కింద రాతపూర్వక ఫిర్యాదు నేరుగా ఇవ్వడం మంచిది.

నాలుగో దశ: పిప్ లెటర్ చేతికి వచ్చాక

పిప్‌లలో రెండు రకాలున్నాయి. కొన్ని నిజంగా ఉద్యోగిని నిలబెట్టడానికి ఇచ్చేవి. ఎక్కువ భాగం, ఇప్పటికే తీసుకున్న నిర్ణయానికి ఫైలు తయారు చేయడానికి ఇచ్చేవి. ఏ రకమో పత్రం చదివితే సగం తెలిసిపోతుంది. లక్ష్యాలు కొలవగలిగేవిగా ఉన్నాయా, లేక చొరవ చూపాలి, కమ్యూనికేషన్ మెరుగుపడాలి వంటి మాటలతో సరిపెట్టారా? గడువు 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా, ఆ పనికి ఆ గడువు చాలుతుందా? మీ చేతిలో లేని ఫలితాలను, ఉదాహరణకు క్లయింటు సంతృప్తిని లేదా కొత్త ప్రాజెక్టు దొరకడాన్ని, షరతుగా పెట్టారా? శిక్షణ, మెంటర్, కావాల్సిన అనుమతులు ఇస్తామని రాశారా? తీర్పు చెప్పేది ఒక్క మేనేజరేనా, మరొకరు కూడా ఉన్నారా? పూర్తి చేస్తే ఏమవుతుందో రాసి ఉందా, లేక పూర్తి చేయకపోతే ఏమవుతుందో మాత్రమే రాశారా?

ఇలాంటి పత్రం అందిన రెండు మూడు రోజుల్లో జవాబు పంపాలి. ఇంగ్లీషులోనే పంపుతారు కాబట్టి మాటలు మీరే కూర్చుకోండి కానీ, సారాంశం ఇలా ఉండాలి.

మీరు పంపిన ప్రణాళిక అందింది. ఇందులో పేర్కొన్న అంచనాతో నేను ఏకీభవించడం లేదు. గత రెండేళ్ల నా రేటింగ్‌లు, ఈ ఏడాది నాకు అందిన అభిప్రాయాలు అందుకు భిన్నంగా ఉన్నాయి. అయినా ఈ ప్రణాళికను పూర్తి నిబద్ధతతో అమలు చేస్తాను. 2వ, 4వ అంశాలను ఎలా కొలుస్తారో స్పష్టం చేయండి. 3వ అంశానికి క్లయింటు సిస్టమ్‌లో అనుమతి అవసరం, అది ఏ తేదీకి అందుతుందో తెలియజేయండి. ప్రతి శుక్రవారం సమీక్ష జరిపి, ఆ వారం లక్ష్యం నెరవేరిందో లేదో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను.

ఏకీభవించకపోవడం, అమలు చేస్తాననడం రెండూ ఒకే జవాబులో ఉండాలి. మొదటిది లేకపోతే లోపాన్ని ఒప్పుకున్నట్లు, రెండోది లేకపోతే సహకరించనట్లు రాసుకుంటారు.

ఆ తర్వాత వారాల్లో ఎంత పని చేశారన్నదెంతో, చేసినట్లు అవతలివారు ఒప్పుకున్న ఆధారం అంత ముఖ్యం. శుక్రవారం సమీక్ష జరగకపోతే, ఈ వారం సమీక్ష జరగలేదు, నా వైపు నుంచి పూర్తయిన పనులు ఇవి, అభిప్రాయం ఏమైనా ఉంటే సోమవారం లోపు చెప్పండి అని మీరే పంపండి. మేనేజర్ మౌనం కూడా రికార్డే. మధ్యలో లక్ష్యం మార్చితే, మారిన తేదీ నుంచి గడువు పొడిగించమని అడగండి. కొందరు దాచిపెట్టిన ఫోన్‌తో సంభాషణలు రికార్డు చేస్తుంటారు. అది కంపెనీ నియమాలకు విరుద్ధం కావచ్చు, దాన్ని సాక్ష్యంగా నిలబెట్టడమూ సులభం కాదు. సమావేశం అయిన వెంటనే పంపిన మెయిల్ అంతకంటే గట్టిది.

ఇదే సమయంలో మరో ఉద్యోగం వెతకడం మొదలుపెట్టండి. దీని గురించి అపరాధభావం అక్కరలేదు. పిప్ నెగ్గినవారు కూడా ఆ తర్వాత ఆ మేనేజర్ కిందే పనిచేయాలి. జట్టు మార్చుకునే వీలు పిప్‌లో ఉన్నప్పుడు చాలా కంపెనీల్లో ఉండదు కాబట్టి, తక్కువ రేటింగ్ వచ్చి ఇంకా పిప్ రాని కాలంలోనే అంతర్గత బదిలీకి ప్రయత్నించడం తెలివైన పని. నిద్ర పట్టకపోవడం, గుండెదడ వంటివి మొదలైతే వైద్యుణ్ని కలవండి, సెలవు అవసరమైతే వైద్య పత్రంతో తీసుకోండి. ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం దాచకండి. ఈఎంఐలు ఉన్న ఇంట్లో ఈ విషయం ముందుగా తెలిస్తేనే ఖర్చులు సర్దుకోగలుగుతారు.

అయిదో దశ: తలుపు మూసిన గదిలో రాజీనామా అడిగితే

మన దగ్గర పనితీరు పేరుతో బయటకు పంపే కంపెనీలు టెర్మినేషన్ లెటర్ ఇవ్వడానికి ఇష్టపడవు, రాజీనామా రాయించుకోవడానికే ఇష్టపడతాయి. హెచ్‌ఆర్ పిలుస్తుంది, గదిలో ఇద్దరు ముగ్గురుంటారు, ఈ సాయంత్రం లోపు పోర్టల్‌లో రాజీనామా పెట్టకపోతే టెర్మినేట్ చేస్తామని, అప్పుడు రిలీవింగ్ లెటర్ రాదని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మచ్చ పడుతుందని చెబుతారు. అందులో కొంత బెదిరింపు, కొంత నిజం. టెర్మినేషన్ రికార్డు తర్వాతి కంపెనీకి తెలిసే అవకాశం ఉంది. కానీ స్వచ్ఛందంగా రాజీనామా చేసిన వ్యక్తికి, తొలగించినందుకు చట్టం ఇచ్చే హక్కుల్లో దాదాపు ఏవీ మిగలవు. ఈ రెండింటిలో ఏది మేలన్నది ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఏదైనా ఆ గదిలో, ఆ గంటలో తేల్చవద్దు.

నాకు ఆలోచించుకోవడానికి సమయం కావాలి, మీ ప్రతిపాదనను మెయిల్‌లో పంపండి అని చెప్పి లేచి రండి. గదిలో ఉన్నవారి పేర్లు, సమయం, అన్న మాటలు వెంటనే రాసుకోండి. బయటికి రాగానే హెచ్‌ఆర్‌కు, స్కిప్ లెవల్ మేనేజర్‌కు, అంటే మీ మేనేజర్‌కు పైనున్న మేనేజర్‌కు, మెయిల్ పెట్టండి: ఈ రోజు ఇన్ని గంటలకు నన్ను రాజీనామా చేయమని అడిగారు, నేను స్వచ్ఛందంగా రాజీనామా చేయడం లేదు, పనికి సిద్ధంగా ఉన్నాను. ఒత్తిడిలో అప్పటికే సంతకం పెట్టినవారు అదే రోజు, లేదా మరునాడైనా, పరిస్థితులు వివరిస్తూ రాజీనామాను ఉపసంహరించుకుంటున్నట్లు రాయాలి. బలవంతంతో తీసుకున్న సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదని, దాన్ని ఇచ్చినవారు రద్దు చేసుకోవచ్చనేది 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోనే ఉన్న సూత్రం. రోజులు గడిచేకొద్దీ ఆ వాదన బలహీనపడుతుంది.

బేరమాడదలచుకున్నవారు మొహమాటపడకండి. నోటీస్ కాలానికి మించి రెండు మూడు నెలల జీతం, ఆరోగ్య బీమా కొనసాగింపు, జాయినింగ్ బోనస్ వెనక్కి తీసుకోకపోవడం, రిలీవింగ్ లెటర్‌లో సాధారణ భాష, చివరి పనిదినం తేదీ, ఇవన్నీ అడగదగినవే. ఒప్పుకున్నది ఏదైనా రాతలో రాకుండా పోర్టల్‌లో మీట నొక్కవద్దు.

ఆరో దశ: చట్టం ఎంతవరకు తోడు వస్తుంది

ఐటీ ఉద్యోగులకు కార్మిక చట్టాలు వర్తించవన్న మాట చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సాంకేతిక పని చేసేవారు జీతం ఎంతైనా కార్మికుల నిర్వచనంలోకి వస్తారు. ప్రధానంగా మేనేజర్ లేదా పరిపాలన హోదాలో పనిచేసేవారికి, నెలకు 18,000 రూపాయలు మించిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవారికి మాత్రం వర్తించదు. కంపెనీలు వాదించేది ఇక్కడే. విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, చేసే అసలు పని ఏమిటన్నది చూస్తారు. 2015లో పనితీరు కారణంగా టీసీఎస్ తొలగించిన ఒక చెన్నై ఉద్యోగి విషయంలో కంపెనీ ఇదే వాదన చేయగా, అతను కార్మికుడేనని, బకాయి జీతంతో సహా తిరిగి తీసుకోవాలని అక్కడి లేబర్ కోర్టు 2022లో ఆదేశించింది. దానికి ఏడేళ్లు పట్టిందన్న సంగతీ మరచిపోకూడదు.

కాబట్టి సెలవులు మంజూరు చేసే, మనుషుల్ని తీసుకునే, రేటింగ్‌లు ఖరారు చేసే అధికారం మీకు నిజంగా ఉండేదా, లేక మీరూ కోడ్ రాస్తూ జట్టును సమన్వయం చేసేవారా అన్నది చూపించే ఆధారాలు ముఖ్యం. కార్మికుల నిర్వచనంలోకి వస్తే, క్రమశిక్షణ చర్య కింద కాకుండా మరే కారణంతో తొలగించినా అది సాధారణంగా రిట్రెంచ్‌మెంట్, అంటే నోటీసు, పరిహారం ఇవ్వాల్సిన తొలగింపు, కిందకు వస్తుంది. ఏడాది సర్వీసు నిండినవారికి నెల నోటీసు లేదా దానికి బదులు జీతం, పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇదే కోడ్ 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలంటోంది. వివాదం పుట్టిన ఏడాది లోపు అక్కడ ఫిర్యాదు చేయవచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. మీ కంపెనీలో ఆ కమిటీ సభ్యులెవరో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఆ ప్రశ్నకే చాలాచోట్ల స్వరం మారుతుంది.

తర్వాతి మెట్టు కార్మిక శాఖ. హైదరాబాద్‌లో కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య పేరుతో ఉన్న కార్మిక సంక్షేమ భవనంలో ఉంది. ఆల్విన్‌లో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి అయిన మనిషి పేరున్న ఆ భవనానికి, 2017లో ఐటీ కంపెనీలు రేటింగ్‌ల పేరుతో పెద్ద ఎత్తున మనుషుల్ని పంపించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ మెట్లెక్కారు. అక్కడ రాజీ అధికారి రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడతారు. రాజీ కుదరకపోతే విషయం ట్రిబ్యునల్‌కు చేరుతుంది. రెండేళ్లు దాటిన వివాదాన్ని రాజీ అధికారి చేపట్టరు కాబట్టి ఆలస్యం పనికిరాదు.

ఇక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ సహేతుక కారణం లేకుండా తొలగించడాన్ని నియంత్రిస్తుంది, 48వ సెక్షన్ అప్పీల్ దారి చూపిస్తుంది. అయితే ఐటీ సంస్థలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వాలు జీవోల ద్వారా మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. దీన్ని ఆధారం చేసుకునే ముందు ప్రస్తుత జీవో ఏమంటుందో సర్వీసు విషయాలు చూసే న్యాయవాదితో సరిచూసుకోవాలి. లీగల్ నోటీసుతో మొదలుపెట్టడం కంటే, ముందు న్యాయవాది సలహాతో మీరే రాసే ఒక గట్టి మెయిల్ తరచుగా ఎక్కువ పని చేస్తుంది. నోటీసు అందగానే కంపెనీ తరఫున మాట్లాడేది లాయర్లే అవుతారు, బేరానికి తలుపు మూసుకుపోతుంది.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ ఉద్యోగం సాధారణంగా ఎట్-విల్ పద్ధతిలో, అంటే కంపెనీ కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తొలగించగలిగేలా, ఉంటుంది కాబట్టి అన్యాయం అన్న ఒక్క కారణం చాలదు. వయసు, జాతి, లింగం, గర్భం, వైకల్యం, పుట్టిన దేశం, ఫిర్యాదు చేసినందుకు కక్ష వంటి చట్టం నిషేధించిన కారణం వెనక ఉందని చూపగలిగితేనే కేసు నిలుస్తుంది. సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి గడువు రాష్ట్రాన్ని బట్టి 180 లేదా 300 రోజులు. 40 ఏళ్లు నిండినవారికి సెవరెన్స్ (తొలగించేటప్పుడు ఇచ్చే పరిహారం) ఒప్పందంలో వయసు వివక్ష హక్కును వదులుకోమంటే, చదువుకోవడానికి కనీసం 21 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో మీ పర్సనెల్ ఫైల్, అంటే కంపెనీ దగ్గరున్న మీ ఉద్యోగ రికార్డు, చూపించమని రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది. అదే రాష్ట్రంలో అవతలివారి అనుమతి లేకుండా ఏకాంత సంభాషణ రికార్డు చేయడం నేరం.

హెచ్1బీ మీద ఉన్నవారికి అసలు గడియారం వేరు. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే పత్రం) గడువు ముగిసే తేదీ, ఏది ముందైతే అది. అందుకే సెవరెన్స్ బేరంలో డబ్బు కంటే ముందు చివరి ఉద్యోగ తేదీని మరికొన్ని వారాలు పొడిగించమని అడగడం మేలు. నాలుగు వారాల పేరోల్ అంటే కొత్త స్పాన్సర్‌ను వెతకడానికి నాలుగు వారాలు. వీసా గడువుకు ముందే కంపెనీ తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణ ఖర్చు ఇవ్వాల్సింది కంపెనీయే, రాజీనామా చేసినవారికి అది వర్తించదు. ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆ ఆమోదం రద్దు కాదు, ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరుసలో మీ స్థానాన్ని తేల్చే తేదీ) కూడా పోదు. పిప్ సూచనలు కనిపించిన రోజునే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడి, అవసరమైతే ఇతర హోదాలకు మారే కాగితాలు సిద్ధం చేసుకోండి.

చివరి దశ: బయటికి వచ్చేటప్పుడు

వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా చెల్లించాల్సిన వేతనాలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ 45 రోజులకు వస్తుందన్న పాత అలవాటు మాటను అలాగే వదిలేయకుండా ఈ నియమాన్ని గుర్తుచేయండి. అయిదేళ్లు నిండిన శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ వస్తుంది. అయిదో ఏడు నడుస్తున్నవారు చివరి పనిదినాన్ని అయిదేళ్లు దాటేలా అడగాలి. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో అన్నా, అన్ని కంపెనీలూ దాన్ని పాటించవు. గ్రూప్ ఆరోగ్య బీమాను అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుంటుంది, అది ఉద్యోగంలో ఉండగానే అడగాలి. తల్లిదండ్రులు ఆ పాలసీలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

సెటిల్‌మెంట్‌తో పాటు, ఇకపై ఎలాంటి క్లెయిములూ లేవు అనే పత్రం మీద సంతకం అడుగుతారు. లెక్క సరిచూసుకుని, డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం చేయండి. ఏదైనా మొత్తం వివాదంలో ఉంటే, దానికి సంబంధించిన హక్కులు మినహాయించి అని సంతకం పైన రాయండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లలో పనితీరు ప్రస్తావన ఉందేమో చూసి, ఉంటే తీసేయమని అక్కడే కోరండి. కొత్త కంపెనీ ఇంటర్వ్యూలో ఎందుకు మానేశారని అడిగితే, జట్టు పునర్వ్యవస్థీకరణలో నా పాత్రకు, నా నైపుణ్యానికి పొంతన కుదరలేదు అన్నంత వరకు చెప్పి, చేసిన పని మీదికి మాట మళ్లించండి. పాత మేనేజర్ గురించి ఒక్క మాటా వద్దు. దరఖాస్తు ఫారంలో మాత్రం, మిమ్మల్ని ఎప్పుడైనా టెర్మినేట్ చేశారా అన్న గడి ఉంటే నిజమే రాయండి, ఎందుకంటే తొలగింపు కంటే అబద్ధం బయటపడటమే వెరిఫికేషన్‌లో ఆఫర్లను పోగొడుతుంది.